బోటులో దేనికి వైరు, దేనికి వైఫై? కనెక్షన్లు నడిసముద్రంలో తెగిపోకుండా ఇలా చేసుకోండి

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఇంజను పని, రంగులు, వలల బాగుచేత అన్నీ ఆ 61 రోజుల్లోనే పెట్టుకుంటాం కానీ, కేబిన్‌లో వేలాడే వైర్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. తీరా వేటకెళ్లాక జీపీఎస్ ఆగిపోతే "సెట్టు పోయింది" అని తిట్టుకుంటాం. చాలాసార్లు సెట్టుకేమీ కాదు, దానికి కరెంటో డేటానో తెచ్చే దారి చెడిపోయి ఉంటుంది. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం... ఏ హార్బర్ బోటైనా పని ఇదే.

మొదట ఒక కాగితం మీద బోటులో ఉన్న పరికరాలన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న: ఇది అర్ధరాత్రి ఆగిపోతే క్షేమంగా ఒడ్డుకు రాగలమా? కష్టమే అనిపించిన ప్రతిదానికీ వైరే వేయాలి. మాట్లాడుకునే రేడియో సెట్టు వీహెచ్ఎఫ్, జీపీఎస్, చుట్టుపక్కల ఓడలకు మన జాడ చెప్పే ఏఐఎస్, లోతు చూపే ఎకో సౌండర్ ఈ వైరు జాబితాలోకి వస్తాయి. అదే జీపీఎస్ మ్యాపును ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో కూడా చూసుకోవాలంటే వైఫై చాలు, దానికి వైరు లాగడం అనవసరం.

రెండోది కరెంటు. నన్నడిగితే సగం రోగాలు ఇక్కడే ఉంటాయి. వీహెచ్ఎఫ్‌లో అవతలి మాటలు చక్కగా వినిపిస్తూ, మీరు మాట్లాడదామని మైకు బటన్ నొక్కగానే సెట్టు ఆరిపోతోందా? వినేటప్పుడు అది తీసుకునే కరెంటు ఒక ఆంపియర్ లోపే, 25 వాట్లతో పంపేటప్పుడు అయిదారు ఆంపియర్లు లాగుతుంది, ఆ బరువును సన్న వైరో వదులు లగ్గో (వైరు చివర నొక్కే లోహపు ముక్క) మోయలేక చేతులెత్తేస్తుంది. పరీక్ష సులువే. ఏరియల్ తగిలించి ఉండగా, ఆపదలో పిలవడానికి ఉంచిన 16వ ఛానల్ కాకుండా మామూలుగా మాట్లాడుకునే ఛానల్ పెట్టి ఒకరు బటన్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గరా సెట్టు వెనకాలా వోల్టేజీ చూడాలి. 12 వోల్టుల బోటులో ఆ రెండింటికీ తేడా 0.4 వోల్టు దాటితే జాయింట్లు ఒక్కొక్కటీ తాకి చూడండి, వేడెక్కినదే దొంగ.

జాయింట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రెండు తీగలు మెలేసి టేపు చుట్టడం ఇంట్లో నడుస్తుందేమో గానీ సముద్రం మీద నడవదు. ఆ టేపు విప్పి చూడండి, లోపల పచ్చగా చిలుము పట్టి, తీగ ముట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. తగరం పూత ఉన్న రాగి తీగ కొనండి, సరైన ప్లయర్‌తో లగ్గు నొక్కండి, గట్టిగా లాగి ఊడటం లేదని తేల్చుకున్నాకే లోపల జిగురు ఉండి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. టంకం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఇంజను అదురుకి తీగ సరిగ్గా టంకం ఆగిన చోటే తెగుతుంది. వైరు పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి చిన్న వంపు వదిలితే నీళ్లు అక్కడి నుంచే కారిపోతాయి, లోపలికి పోవు.

తర్వాత డేటా వైర్లు. పరికరాలు ఒకదానికొకటి డేటా పంపుకునే ఎన్ఎంఈఏ 2000 లైను ఉంటే కరెంటు ఆపేసి, తెల్ల, నీలం తీగల మధ్య రెసిస్టెన్సు చూడండి. 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 వస్తే రెండు చివర్లలో ఒక టర్మినేటర్ (లైను చివర పెట్టే రెసిస్టర్) లేదన్నమాట, 40 వస్తే ఎవరో మూడోది పెట్టారన్నమాట. పాత ఎన్ఎంఈఏ 0183 లైను అయితే డేటా స్పీడు (సెకనుకు ఎన్ని బిట్లు) చూసుకోవాలి: మామూలు జీపీఎస్‌కి 4800, ఏఐఎస్‌కి 38400. డీఎస్‌సీ (బటన్ నొక్కితే ఆపద సందేశం దానంతటదే పంపే సదుపాయం) ఉన్న వీహెచ్ఎఫ్‌కి జీపీఎస్ అందుతోందో లేదో తప్పకుండా చూడండి. అందకపోతే, సెట్టులోనే జీపీఎస్ లేకపోతే, ప్రమాదంలో ఎర్ర బటన్ నొక్కినా మీరెక్కడున్నారో అవతలివాళ్లకి తెలియదు.

ఇక వైఫై. రౌటర్‌ని ఇనుప పెట్టెలోనో ఇంజను గదిలోనో పెడితే సిగ్నల్ బయటికి రాదు, కేబిన్‌లో పైన పెట్టండి. హార్బర్‌లో పక్క బోట్ల వైఫైలు గుద్దుకుంటుంటే 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. ఫోన్‌తో ఇంకో తలనొప్పి ఉంది: బోటు వైఫైలో ఇంటర్నెట్ లేదని తెలియగానే అది చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, మీరేమో మ్యాపు కదలట్లేదని రౌటర్‌ని కొడుతుంటారు. సెట్టింగుల్లో ఆ మారడాన్ని ఆపేయండి. ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ పడిపోయి రౌటర్ మళ్లీ మొదటికొస్తుంటే దానికి వేరే బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వండి.

ఎల్ఈడీ లైట్లు కూడా చూడాలి. ఇవి వీహెచ్ఎఫ్‌నీ ఏఐఎస్‌నీ చెడగొడుతున్నాయని అమెరికా కోస్ట్‌గార్డ్ 2018 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. లైట్లన్నీ ఆర్పి, ఎవరూ మాట్లాడని ఛానల్ పెట్టి, గరగర సరిగ్గా ఆగే దాకా వీహెచ్ఎఫ్‌లో స్క్వెల్చ్ (గరగరను అణిచే నాబ్) తిప్పండి. ఇప్పుడు లైట్లు ఒక్కొక్కటే వేయండి. ఏది వేస్తే గరగర మళ్లీ మొదలవుతుందో దాన్ని మార్చాలి.

అన్నీ అయ్యాక, హార్బర్ దాటకముందే ఇంజను ఆన్ చేసి, పరికరాలన్నీ వేసి, కావాలనే వైఫై రౌటర్ ఆపేయండి. మొదట వైరే వేయాలని రాసుకున్నవాటిలో ఏ ఒక్కటి ఆగినా, దానికి వైరు లాగాకే వేటకు బయల్దేరండి.