మిలట్రీ తాతల వివరాలు వెతకడం ఎలా: గంజాం వైపు తెలుగువాళ్ల కోసం

ఒడిశాలోని మా బరంపురంలోనూ, పర్లాకిమిడి వైపూ చాలా తెలుగు ఇళ్లలో ‘మా తాత బర్మా యుద్ధానికి వెళ్లాడు’ అంటారు. ఏ పటాలం అని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. మా చినతాత అక్కడే పోయాడు. ఆయన కోసం వెతుకుతూ నేర్చుకున్నది చెబుతాను.

ముందు ఇంట్లోని రేకు పెట్టెలు తెరవండి. మెడల్ దొరికితే అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం మెడల్ అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, పటాలం ఉంటాయి. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండా ఇచ్చారు గానీ, ఇండియన్ ఆర్మీ వాళ్లకు పేరు వేసే ఇచ్చారు. దయచేసి చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పక్క నుంచి లైటు వేసి ఫోన్‌తో ఫోటో తీయండి. అన్నిటికన్నా ముఖ్యం ఆ నంబరు. అప్పన్నలు, రాములు ప్రతి పటాలంలోనూ ఉన్నారు. ఒక పటాలంలో ఒక నంబరు ఒక్కరిదే.

రంగం (రంగూన్) వెళ్లాడన్నంత మాత్రాన మిలట్రీ అనుకోకండి. మన వైపు నుంచి కూలి పనికి, రేవు పనికి వెళ్లినవాళ్లే ఎక్కువ. డిశ్చార్జి కాగితం, పెన్షన్ పుస్తకం, పోస్టాఫీసు మనియార్డరు ముక్క లాంటిది ఏదైనా ఉందేమో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

తర్వాత జిల్లా పేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి కూడా అప్పట్లో గంజాం జిల్లాలోవే. ఆ తర్వాత అవి విశాఖపట్నం జిల్లాలోకి వెళ్లాయి. అందుకే ఊరు ఒక్కటే అయినా గంజాం, విశాఖపట్నం, మద్రాసు, ఒరిస్సా అనే అన్ని పేర్లతోనూ వెతకాలి. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసేవారు. బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బరంపురం ఉంది, ఆ పేరు దగ్గర జాగ్రత్త.

యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ ఉంది, ఉచితం. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు పోయినవాళ్లు అందులో ఉంటారు. పేరుతో దొరక్కపోతే అదనపు సమాచారం గడిలో ‘గంజాం’ అని ఇంగ్లీషులో కొట్టండి. రెండో యుద్ధం వాళ్లలో చాలామందికి తండ్రి పేరు, ఊరు రాసి ఉంటాయి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేర్లవి, ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. మా చినతాతను నేను గుర్తుపట్టింది తండ్రి పేరుతోనే. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద ఆయన పేరుంది. సమాధి లేని దాదాపు 27,000 మంది పేర్లు అక్కడ చెక్కారు. ఇంట్లో ఫోటో కూడా లేని మనిషి పేరు అంతమంది మధ్య కనబడితే గుండె ఆగినంత పనైంది.

బతికి తిరిగొచ్చినవాళ్లయితే ఆ పటాలం రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయాలి. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరి వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు (ఆర్మీ ఇంజనీరింగ్ దళం) బెంగళూరు. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, మీకు ఆయన ఏమవుతారో స్పష్టంగా రాయండి. పాత కాగితాలు కొన్ని తీసేసి ఉండవచ్చు, జవాబు రాకపోతే జిల్లా సైనిక బోర్డు ద్వారా ప్రయత్నించండి.

పటాలం తెలిశాక లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో వార్ డైరీలు, అంటే యుద్ధంలో పటాలం రోజువారీగా రాసుకున్న పుస్తకాలు ఉంటాయి. సిపాయిల పేర్లు అరుదు గానీ, ఏ తేదీన పటాలం ఎక్కడుందో తెలుస్తుంది. బర్మా వాటికి ‘డబ్ల్యూఓ 172’ (WO 172) అనే వరుస అడగాలి. అక్కడ మీవాళ్లెవరైనా ఉంటే వెళ్లి సొంత ఫోన్‌తో పేజీలు ఫోటో తీసుకోమనండి, దానికి డబ్బు కట్టనక్కర్లేదు.