జర్మనీలో అన్‌మెల్డుంగ్: అద్దె ఒప్పందం ఉంటే సరిపోదు

పోయిన అక్టోబరులో, మాస్టర్స్ చదవడానికి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడికి తోడుగా, ఉంటున్న ఇంటి అడ్రస్ నమోదు చేసే ఆఫీసుకు వెళ్లాను. పాస్‌పోర్ట్, వీసా, అడ్మిషన్ లెటర్, అన్ని పేజీల మీదా సంతకాలున్న అద్దె ఒప్పందం, అన్నీ ఫైల్లో వరసగా పెట్టుకుని వచ్చాడు. కౌంటర్‌లో ఉన్నావిడ ఒప్పందాన్ని తిప్పి కూడా చూడలేదు, ఇంకో కాగితం అడిగింది. అది మా దగ్గర లేదు. మళ్లీ అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. ఆ రోజు అతని ముఖం చూశాక ఇది రాయాలనిపించింది.

మన దగ్గర ఇల్లు మారితే ఆధార్‌లో అడ్రస్ సంగతి అవసరం పడ్డప్పుడు చూసుకుందాంలే అనుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. పక్క వీధికి మారినా సరే, జర్మన్లయినా సరే, ఇంట్లో దిగిన 2 వారాల్లోపు ఆ అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దాన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. ఆలస్యమైతే చట్టప్రకారం 1,000 యూరోల వరకు జరిమానా వేయొచ్చు. ఇది అయితేనే పన్ను నంబరు వస్తుంది, రెసిడెన్స్ పర్మిట్ పని కదులుతుంది, చాలా బ్యాంకుల్లో ఖాతా కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

అపాయింట్‌మెంట్ మీ ఊరి అధికారిక వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. స్లాట్లు లేవని చూపిస్తే పొద్దున్నే మళ్లీ చూడండి, ఎవరో ఒకరు రద్దు చేసుకున్నవి కనబడతాయి. బెర్లిన్‌లో అయితే మీ ఏరియా ఆఫీసే కానక్కర్లేదు, నగరంలో ఏ బ్యూర్గర్‌అమ్ట్ (ఈ నమోదు చేసే ఆఫీసు) అయినా పర్లేదు. తేదీ 2 వారాలు దాటాక దొరికితే టెన్షన్ పడకండి, వెంటనే బుక్ చేసి ఆ మెయిల్ దాచుకోండి, మీరు ప్రయత్నించారనడానికి అదే రుజువు.

ఇక ఆ కాగితం. పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, ఇంటివాళ్లు ఇచ్చే ధ్రువీకరణ అనుకోండి, ఒక్క పేజీ ఉంటుంది. ఇల్లు ఇచ్చినవాళ్ల పేరు, అడ్రస్, మీ ఇంటి అడ్రస్, మీరు దిగిన తేదీ, మీతో పాటు దిగినవాళ్ల పేర్లు, సంతకం, ఇంతే. అద్దె ఒప్పందం అద్దెకు తీసుకున్నారని మాత్రమే చెబుతుంది, మీరు నిజంగా వచ్చి ఉంటున్నారని చెప్పేది ఇది. 2015 నవంబరు 1 నుంచి చట్టం ఇదే అడుగుతోంది.

ఫారం ఊరి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీరే ప్రింట్ తీసి, వివరాలు నింపి, తాళాలు తీసుకునే రోజే ఓనర్ చేతికిచ్చి సంతకం పెట్టించుకోండి. తర్వాత మెయిల్ చేస్తాం అంటే సరే అని వచ్చేయకండి, ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటున్నారు. తేదీ దగ్గర ఒప్పందం రాసుకున్న రోజు కాదు, దిగిన రోజు వేయాలి. షేరింగ్‌లో ఒక గది తీసుకుంటే, ఆ గది మీకు అద్దెకిచ్చిన అసలు అద్దెదారు సంతకం పెట్టొచ్చు, కాకపోతే ఇంటి యజమాని పేరు కూడా అందులో రాయాలి.

ఓనర్ ఇవ్వను అంటే? ఇవ్వడం వాళ్ల దయ కాదు, చట్టం వాళ్ల మీద పెట్టిన బాధ్యత. మర్యాదగా మెయిల్‌లో అడగండి, అప్పటికీ ఇవ్వకపోతే ఆగకుండా ఆఫీసుకే చెప్పండి. మీ తప్పు లేదని వాళ్లకు తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి. వాట్సాప్ గ్రూపుల్లో "అన్‌మెల్డుంగ్‌కి అడ్రస్ ఇస్తాం, ఇంత ఇవ్వండి" అని కొందరు పెడుతుంటారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, అందుకే నమ్మేస్తాం. ఉండని ఇంటి అడ్రస్ అలా ఇచ్చేవాళ్లకు 50,000 యూరోల వరకు జరిమానా పడొచ్చు, దాని మీద నమోదు చేయించుకున్న మీరూ ఇబ్బందుల్లో పడతారు. పైగా మీ పర్మిట్, పన్ను ఉత్తరాలన్నీ ఆ ముక్కూమొహం తెలియని ఇంటికే పోతాయి. గది వెతికేటప్పుడే "అన్‌మెల్డుంగ్ కుదురుతుందా" అని అడగండి, కుదరదంటే అద్దె ఎంత తక్కువైనా ఆ గది వద్దు.

నమోదు ఫారంలో మతం కూడా అడుగుతారు, చాలామంది ఉలిక్కిపడతారు. అది పన్ను కోసం. క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ చర్చి సభ్యులమనో నమోదైతే, మీరు కట్టే ఆదాయపు పన్ను మీద బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లలో 8 శాతం, మిగతాచోట్ల 9 శాతం చర్చి పన్ను పడుతుంది. హిందువులకు, ముస్లింలకు ఈ పన్ను లేదు. నిజమే రాయండి, కానీ అది దేనికి అడుగుతున్నారో తెలిసి రాయండి.

పన్ను నంబరు, 11 అంకెలది, కొన్ని వారాల్లో పోస్టులో వస్తుంది. మన అడ్రస్‌లో ఫ్లాట్ నంబరు, గుడి ఎదురుగా అని గుర్తు ఉంటాయి కదా, ఇక్కడ చాలా ఇళ్లకు ఫ్లాట్ నంబర్లే ఉండవు, పోస్ట్‌మ్యాన్ చూసేది ఉత్తరాల డబ్బా మీది పేరు ఒక్కటే. మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. కాబట్టి తాళాలు తీసుకున్న రోజే, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇంటిపేరు రాసి డబ్బా మీదా బెల్లు దగ్గరా అతికించండి.