గడ్డకట్టిన కొండ సరస్సు మీదికి నీటి నమూనాలకు వెళ్లే ముందు

మంచు మందం కొలవందే అడుగు వేయొద్దు. గాజులా స్వచ్ఛమైన గట్టి మంచైతే కనీసం 10 సెంటీమీటర్లు. తెల్లమంచు బలం సగమే, దానికి రెట్టింపు కావాలి. దారి పొడవునా కొలవండి. వాగు కలిసేచోట, నీరు బయటికి పోయేచోట ప్రవాహం మంచును కిందినుంచే తినేస్తుంది.

మంచు మేకులు (నీళ్లలో పడితే మంచులో గుచ్చి పైకి పాకడానికి చేత్తో పట్టుకునే మొనలు) మెడలోనే వేలాడాలి. నీళ్లలో పడ్డాక సంచిలోవి అందవు.

మంచుచరియల హెచ్చరిక ఆ ఉదయమే చూడండి. రాత్రి వీచిన గాలి చాలు, వాలు మీద మంచు పేరుకోవడానికి.

ఒంటరిగా మాత్రం వెళ్లకండి, దయచేసి.

బ్యాటరీలు లోపలి జేబులో. చలికి త్వరగా దిగిపోతాయి.

సీసాలో కాస్త ఖాళీ ఉంచండి: గడ్డకడితే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే నమూనాలో మాత్రం బుడగే ఉండకూడదు, దాన్ని గడ్డకట్టనివ్వకండి.