పది రాసే ఆడపిల్ల గుంటూరులో చదవాలంటే

మాది ప్రత్తిపాడు వైపు. మా కూలీల ఇళ్లల్లో మార్కులు ఎంత బాగున్నా మిరప కోతల దగ్గర చదువు ఆగిపోతుంది. ఫిబ్రవరి, మార్చిలో కోతలు ముమ్మరం, పరీక్షలూ అప్పుడే. పరీక్షలయ్యేదాకా చేలోకి రానని సంక్రాంతికే ఇంట్లో తేల్చండి. ఆసామి దగ్గర తీసుకున్న అడ్వాన్సులో మీ కూలీ కూడా లెక్కేశారేమో ముందే అమ్మని అడగండి. ఈ సంగతి మనకి చివర్లో తెలుస్తుంది, అదే చిక్కు.

ఫలితాల దాకా ఆగకుండా, గుంటూరులో కాలేజీకి, హాస్టల్‌కి కావాల్సిన కుల, ఆదాయ ధ్రువపత్రాలకి గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టండి. ఇచ్చేది తహసీల్దారు కాబట్టి టైం పడుతుంది. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా ఉండాలి.

అసలు పని నాన్నని ఒప్పించడం. డబ్బు కంటే ఊరి నోటికే ఆయనకి భయం. మాటలతో వాదించకండి, ఒకసారి హాస్టల్‌కి తీసుకెళ్లి వార్డెన్‌తో మాట్లాడించండి. సాయంత్రం గేటు ఎన్నింటికి మూస్తారో విన్నాకే మా నాన్న మెత్తబడ్డాడు. (ఆ గేటుని తర్వాత నేనే తిట్టుకున్నాననుకోండి!) పక్క ఊరి నుంచి అక్కడ చదివే అమ్మాయి తల్లి ఎదురుపడితే ఇంకా మంచిది, ఆమె మాట మీ మాట కంటే బాగా పనిచేస్తుంది.

18 నిండకుండా పెళ్లి మాటొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం మీ వైపే ఉంది.

ఛార్జీల టెన్షన్ వద్దు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం, ఆధార్ దగ్గరుంచుకోండి.