స్లాబు ఉరుస్తోందా? ముందు గడ్డపార కింద పెట్టించండి

హన్మకొండలో మా పక్క వీధిలో మొన్నటి వానకు ఒకరింట్లో వంటగది స్లాబు పెచ్చు ఊడి స్టవ్ మీద పడింది. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు. ఎండాకాలంలోనే ఆ స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించారు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తకపోయేసరికి ఇంటాయన కోపంతో ఇంకో మేస్త్రిని పెట్టి పైపూతంతా తవ్వించేశారు. ఇప్పుడు పాత కాంట్రాక్టర్ "నా పని మంచిగనే ఉండె, మీరే తవ్వి ఖరాబు చేసుకున్నరు" అంటున్నాడు. కాదని చూపించడానికి ఏమీ మిగల్లేదు.

అగ్రిమెంటు రాసుకోండి, డబ్బంతా ముందే ఇవ్వకండి అని అందరూ చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే. ఆధారం చేతికి రాకముందు చెడిన పనిని పగలగొట్టించకండి. 2023 జూలైలో నయీంనగర్ నీట మునగడం చూసినవాళ్లం కదా, మబ్బు పట్టగానే టెన్షన్ మొదలవుతుంది. ఆ తొందరలోనే చేతిలో ఉన్న కేసు పోగొట్టుకుంటున్నారు.

ముందు ఆధారం

వాన లేని రోజు చూసి స్లాబు మీద నీళ్లు పోయే గొట్టం మూతి బిగించి, రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. పిట్టగోడ మీద చాక్‌పీస్‌తో మట్టం గీయండి. కింద చెమ్మ ఎక్కడ, ఎప్పుడు మొదలైందో వీడియో తీయండి. పెచ్చులూడుతున్న స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు, ఆ నీళ్లే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. టైల్స్ అయితే రూపాయి బిళ్లతో కొట్టి చూసి, డొల్లగా మోగినవాటికి గుర్తు పెట్టండి. తర్వాత ఈ పనితో సంబంధం లేని సివిల్ ఇంజినీర్‌తో చూపించి, సంతకంతో రిపోర్టు రాయించుకోండి. ఆయన వచ్చే రోజు కాంట్రాక్టర్‌కు ముందే వాట్సాప్ చేయండి. రాకపోతే ఆ మెసేజ్ కూడా మీకు పనికొస్తుంది.

తర్వాత కాగితం

లోపాలు, ఇచ్చిన డబ్బు, 15 రోజుల గడువు తెలుగులోనే రాసి, అందినట్టు రసీదు వచ్చేలా పోస్టులో పంపండి. దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. లాయర్ తప్పనిసరి కాదు. 5 లక్షల లోపు పనికి ఫీజు లేదు. ఫిర్యాదు పెట్టడానికి గడువు రెండేళ్లే. రాజీ కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి, ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు.

ఇంకా ఉన్నాయి. స్విచ్‌బోర్డు దగ్గర చెమ్మ వస్తే మెయిన్ ఆపేయండి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయకండి. పెచ్చులూడే గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. ఊడిన పెచ్చులు పారేయకండి, సంచిలో కట్టి పెట్టండి. "పని పూర్తయింది" అనే కాగితం మీద సంతకం వద్దు. కాంట్రాక్టర్ సామాను పట్టుకుని ఆపకండి, కేసు మీ మీదికి తిరుగుతుంది. మిగతా డబ్బు నగదుగా ఇవ్వకండి. "వానలు తగ్గినంక చేస్త" అంటే ఏ తేదీకో మెసేజ్ పెట్టమనండి. పాత వాట్సాప్ చెరపకండి. మళ్లీ చెప్తున్నా, పగలగొట్టించకండి. ప్రాణం మీదికొచ్చి తప్పకపోతే ముందు కాంట్రాక్టర్‌కు మెసేజ్ పెట్టి, ఇంజినీర్‌ను ఎదురుగా నిలబెట్టి, మొదటి దెబ్బ నుంచి ఆపకుండా వీడియో తీయించండి. కొత్త మేస్త్రి "రేపు పొద్దుగాల్నే తవ్వేద్దాం సార్" అంటే, రిపోర్టు చేతికొచ్చాకే రమ్మని పంపేయండి.