సైన్స్ ఫిక్షన్ నవలను ఎలా సిఫారసు చేయాలి, దాని గురించి ఎలా వాదించాలి

‘సైన్స్ ఫిక్షన్ చదవాలనుంది, దేనితో మొదలుపెట్టమంటారు?’ అని ఎవరైనా అడిగితే చాలామంది పాఠకులు తమకు అన్నిటికన్నా ఇష్టమైన నవల పేరు వెంటనే చెప్పేస్తారు. ఆ ఇష్టం నిజమైనదే అయినా, అడిగినవారికి ఆ పుస్తకమే సరిపోతుందని చెప్పలేం. ఒకే పేరుతో పిలిచే ఈ సాహిత్యంలో నవలకూ నవలకూ మధ్య దూరం చాలా ఎక్కువ. ఆర్థర్ సి. క్లార్క్ 1973లో ప్రచురించిన ‘రాండెవూ విత్ రామా’లో పాత్రల అంతరంగం కన్నా, సౌరకుటుంబంలోకి ఎక్కడి నుంచో వచ్చిన ఒక బ్రహ్మాండమైన నౌక లోపలి నిర్మాణానికే ప్రాధాన్యం ఎక్కువ. ఆక్టేవియా బట్లర్ 1979లో ప్రచురించిన ‘కిండ్రెడ్’లో చెప్పుకోదగ్గ యంత్రమేదీ లేదు, ఇరవయ్యో శతాబ్దానికి చెందిన ఒక నల్లజాతి రచయిత్రి, బానిసత్వం అమలులో ఉన్న కాలంలోకి తన ప్రమేయం లేకుండానే మళ్ళీ మళ్ళీ వెళ్ళి పడుతూ ఉంటుంది. మొదటిది చదివి మురిసిపోయినవారు రెండోదాన్ని మధ్యలోనే వదిలేయవచ్చు, రెండోది చదివి చలించిపోయినవారికి మొదటిది ఇంజనీరింగ్ నివేదికలా అనిపించవచ్చు.

కాబట్టి పేరు చెప్పడానికి ముందు ప్రశ్నలు అడగాలి. ‘మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?’ అన్న ప్రశ్నకు ఎవరూ స్పష్టంగా జవాబు చెప్పలేరు. ‘ఈ మధ్య మీరు ఆపకుండా చదివిన పుస్తకం ఏది, దానిలో మిమ్మల్ని కూర్చోబెట్టింది ఏమిటి?’ అని అడిగితే మాత్రం పనికొచ్చే సమాధానం వస్తుంది. ఆ పుస్తకం సైన్స్ ఫిక్షన్ కానవసరం లేదు. అంతకన్నా విలువైన ప్రశ్న మరొకటి ఉంది: ‘మధ్యలో వదిలేసిన పుస్తకం ఏది, ఎక్కడ వదిలేశారు?’ ఇష్టాల గురించి చెప్పేటప్పుడు మనిషి కొంత మర్యాద పాటిస్తాడు కానీ, విసుగు గురించి చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. పాత్రలు నచ్చక వదిలేశారా, కథ కదలక వదిలేశారా, తెలియని పదాలు ఎక్కువై వదిలేశారా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

ఆ తర్వాత చెప్పవలసింది నవల గొప్పతనం గురించి కాదు, దాని మూల ఊహ గురించి. మంచి సైన్స్ ఫిక్షన్ నవలలు చాలావరకు ‘ఇలా జరిగితే ఏమవుతుంది?’ అన్న ఒక్క ఊహ మీద నిలబడతాయి. అపారమైన జనసమూహాల నడవడిని గణితం ముందుగానే చెప్పగలిగితే, కూలిపోతున్న గెలాక్సీ సామ్రాజ్యం తర్వాత రాబోయే 30,000 ఏళ్ళ చీకటి యుగాన్ని 1,000 ఏళ్ళకు కుదించవచ్చా అన్నది ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’. స్త్రీపురుష భేదం నెలలో కొన్ని రోజులు మాత్రమే ఏర్పడే మనుషులుంటే వారి రాజకీయాలు, స్నేహాలు, ద్రోహాలు ఎలా ఉంటాయన్నది 1969లో వచ్చిన ఉర్సులా లె గ్విన్ ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’. ఊహను ఇలా రెండు వాక్యాల్లో చెబితే వినేవారి కళ్ళలో ఆసక్తి మెరిసిందో లేదో వెంటనే తెలుస్తుంది. ‘అద్భుతం, తప్పక చదవండి’ అన్న మాటకు ఆ శక్తి లేదు.

ఊహతోపాటు ఆ పుస్తకం పాఠకుడి నుంచి కోరే శ్రమను కూడా దాచకుండా చెప్పాలి. ‘ఫౌండేషన్’ మొదటి సంపుటం 1951లో పుస్తకంగా వచ్చింది కానీ, అందులోని అయిదు భాగాల్లో నాలుగు 1942–44 మధ్య ఒక పత్రికలో విడివిడి కథలుగా అచ్చయినవి. అందువల్ల భాగం మారినప్పుడల్లా ఏళ్ళకు ఏళ్ళు గడిచిపోతాయి, ముఖ్యపాత్రలూ చాలావరకు మారిపోతాయి. ఒక నాయకుడి వెంట చివరిదాకా నడవాలనుకునే పాఠకుడికి ఈ సంగతి ముందే చెప్పకపోతే అతడు నిరాశపడతాడు, ఆ నిరాశకు పుస్తకం కారణం కాదు. 1965లో వచ్చిన ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ తొలి పేజీల్లోనే కొత్త పదాలు గుంపుగా వచ్చిపడతాయి. పుస్తకం చివర పదకోశం ఉందని, అయితే ప్రతి పదానికీ అక్కడికి పరుగెత్తకుండా ఓ వంద పేజీలు ఓపికపడితే చాలా పదాలు వాటంతటవే అర్థమవుతాయని చెబితే ఎంతోమంది ఆ గడప దాటుతారు. 1984 నాటి విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ అసలు ఏదీ వివరించదు, అయోమయంలోనే ముందుకు సాగమంటుంది. అది అందరికీ నచ్చే పద్ధతి కాదు. ‘కిండ్రెడ్’ లాంటి నవలలో హింస ఎంత సూటిగా ఉంటుందో కూడా ముందే చెప్పడం పాఠకుడిని గౌరవించడమే.

కథను ఎంతవరకు బయటపెట్టవచ్చు? ఊహను చెప్పవచ్చు, దాని పర్యవసానాన్ని చెప్పకూడదు అన్నది నేను పాటించే హద్దు. అయితే కొన్ని నవలలకు ఈ హద్దు చాలదు. క్లార్క్ 1953లో ప్రచురించిన ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’లో భూమిని పాలించడానికి వచ్చిన పరగ్రహవాసులు తమ రూపాన్ని ఏళ్ళ తరబడి మనుషులకు చూపించరు. ఆ రూపం ఏమిటో చెప్పేస్తే నవల మొదటి భాగాన్ని నడిపే ఉత్కంఠ అంతా పోతుంది, కాబట్టి అక్కడ ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పకూడదు.

వరుస నవలల విషయంలో ఎక్కడ ఆగవచ్చో కూడా చెప్పాలి. ‘డ్యూన్’ మొదటి పుస్తకంతో ఆగినా కథ పూర్తయినట్టే ఉంటుంది. అసిమోవ్ మొదటి మూడు ‘ఫౌండేషన్’ పుస్తకాలు 1953 నాటికి ముగిసాయి, నాలుగోది 1982లో గాని రాలేదు. ఆ ఎడం తర్వాత వచ్చిన పుస్తకాలను విడిగా, తీరిక ఉన్నప్పుడు చదువుకోమనడమే మేలు.

పురస్కారాలను సిఫారసుకు ఆధారంగా వాడేవారు అవి ఎవరిచ్చినవో తెలుసుకోవాలి. హ్యూగోను ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం సభ్యులు, అంటే ప్రధానంగా పాఠకులు, ఓటు వేసి ఇస్తారు. నెబ్యులాను రచయితల సంఘం సభ్యులు ఇస్తారు. ‘డ్యూన్’కు రెండూ దక్కినా, 1966 హ్యూగోను అది రోజర్ జెలాజ్నీ నవలతో పంచుకుంది. పురస్కారం ఒక సంవత్సరపు అభిరుచిని చెబుతుంది, మన ఎదుట ఉన్న పాఠకుడి అభిరుచిని కాదు.

ఇక వాదన సంగతి. వాదన మొదలుపెట్టే ముందు అందరూ ఒకే పుస్తకం చదివారో లేదో చూసుకోవాలి. స్తానిస్లావ్ లెమ్ 1961లో పోలిష్ భాషలో రాసిన ‘సోలారిస్’ను 1970లో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు మూలం నుంచి కాక ఫ్రెంచి అనువాదం నుంచి అనువదించారు, పోలిష్ నుంచి నేరుగా చేసిన ఇంగ్లీషు అనువాదం 2011లో వచ్చింది. లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ను 2008లో చైనాలో పుస్తకంగా వేసినప్పుడు సాంస్కృతిక విప్లవపు అధ్యాయాలను లోపలికి జరిపారు; 2014లో కెన్ లియు చేసిన ఇంగ్లీషు అనువాదంలో అవి మళ్ళీ మొదటికి వచ్చాయి. ఆ ఆరంభమే నవలకు గుండె అనేవారూ, అదంతగా గుర్తులేదనేవారూ వేరువేరు కూర్పులు చదివి ఉండవచ్చు.

‘ఇది అసలు సైన్స్ ఫిక్షనేనా?’ అన్న వాదన మీద ఎక్కువ సమయం ఖర్చు చేయవద్దు. మార్గరెట్ అట్‌వుడ్ తన ‘ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ను ఆ పేరుతో పిలవడానికి ఇష్టపడలేదు, అదే నవలకు 1987లో మొదటి ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారం వచ్చింది. ‘కిండ్రెడ్’లో విజ్ఞానమేమీ లేదని బట్లర్ స్వయంగా చెప్పారు. ఏ పేరు పెట్టినా ఆ నవలలు అడిగే ప్రశ్నలు మారవు.

శాస్త్రీయమైన పొరపాట్ల గురించిన వాదన అలా కాదు, అది జాగ్రత్తగా చేస్తే ఎంతో ఫలవంతమైనది. ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ పొరపాటు మూల ఊహను తాకుతోందా, లేక కథ మొదలవడానికి వాడుకున్న తలుపు మాత్రమేనా? ఆండీ వైర్ ‘ద మార్షియన్’లో అంగారకుడి మీద చెలరేగిన పెనుతుఫాను వల్ల వ్యోమగామి ఒంటరివాడవుతాడు. అక్కడి వాతావరణ పీడనం భూమి మీద ఉన్నదానిలో ఒక శాతం కన్నా తక్కువ కాబట్టి అంత బలమైన తాకిడి సాధ్యం కాదు, ఆ సంగతి రచయితకూ తెలుసు. కానీ ఆ తర్వాత వచ్చే తిండి, నీరు, గాలి లెక్కలేవీ తుఫాను మీద ఆధారపడవు గనుక నవల నిలబడుతుంది. లారీ నివెన్ 1970లో ప్రచురించిన ‘రింగ్‌వరల్డ్’ సంగతి వేరు. నక్షత్రం చుట్టూ వలయంలా నిర్మించిన ఆ ప్రపంచమే నవలకు ప్రాణం; అటువంటి వలయం దాని స్థానంలో స్థిరంగా నిలవదని, కొద్దిగా జరిగినా నక్షత్రం వైపు కొట్టుకుపోతుందని పాఠకులు లెక్క కట్టి చూపించారు. 1971 ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశంలో అమెరికాలోని ఎంఐటీ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు ఆ మాటనే నినాదంగా అరిచారు. నివెన్ ఆ విమర్శను స్వీకరించి తర్వాతి నవలలో వలయం అంచున దాన్ని సరిదిద్దే ఇంజన్లను చేర్చారు, పైగా ఆ నవల కథనంతా ఆ అస్థిరత చుట్టూనే నడిపించారు. పాఠకుల వాదన ఒక కొత్త నవలకు కారణమైన ఈ ఉదంతం నాకు ఎంతో ఇష్టం.

లె గ్విన్ ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ విషయంలోనూ అటువంటిదే జరిగింది. స్త్రీపురుష భేదం లేని మనుషులందరినీ పురుషులకు వాడే సర్వనామంతో రాయడాన్ని చాలామంది తప్పుపట్టారు. 1976 నాటి వ్యాసంలో ఆమె తన నిర్ణయాన్ని సమర్థించుకున్నారు, తర్వాత 1980లలో అదే వ్యాసానికి వ్యాఖ్యలు చేరుస్తూ తన అభిప్రాయం మారిందని రాశారు. నవల ఎంచుకున్న ఊహనే గీటురాయిగా చేసుకుని ‘మీ ఊహకు మీరే పూర్తిగా కట్టుబడలేదు’ అన్నందువల్లే ఆ విమర్శ అంత బలంగా తాకింది. పాత నవలల్లోని లోపాల గురించి మాట్లాడేటప్పుడు ‘ఆ కాలం అటువంటిది’ అని కొట్టిపారేయడమూ, ఆ ఒక్క లోపంతో పుస్తకాన్ని పక్కన పడేయడమూ రెండూ తేలిక దారులే. ఊహతో ముడిపెట్టి పరిశీలించడం కష్టం కానీ, అదే చేయదగ్గది.

పాత్ర మాటను రచయిత మాటగా తీసుకోవడం చర్చల్లో తరచుగా కనిపించే మరో లోపం. ‘డ్యూన్’ నాయకుడు పాల్‌ను ఆదర్శవీరుడిగా చదివేవారు ఎందరో ఉన్నారు. ఆకర్షణ గల నాయకుల పట్ల హెచ్చరికగానే ఆ కథ రాశానని హెర్బర్ట్ పలుమార్లు చెప్పారు, 1969 నాటి ‘డ్యూన్ మెసయ్య’లో ఆ హెచ్చరిక స్పష్టమవుతుంది. అలాగని రచయిత ఉద్దేశంతో వాదన ముగిసిపోదు. మొదటి పుస్తకం అంత ఉద్వేగంగా వీరగాథలా సాగడం వల్లే హెచ్చరిక వినపడలేదని ఎదుటివారు అనవచ్చు, ఆ మాటకు బలం ఉంది. ఇలాంటి చోట ఏ సన్నివేశం వల్ల అలా అనిపించిందో పుస్తకం తెరిచి చూపించమని అడగండి, మీరూ చూపించండి. ‘నాకు నచ్చలేదు’ అన్నదానికి రుజువు అక్కరలేదు గానీ, ‘ఈ నవల విఫలమైంది’ అన్నదానికి కావాలి. నలుగురూ కూర్చున్నప్పుడు నచ్చనివారిని ముందు మాట్లాడనివ్వండి, ఎందుకంటే పొగడ్తలు వరుసగా వచ్చాక నోరు విప్పడానికి చాలామంది జంకుతారు. పూర్తి చేయనివారికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి, ఎక్కడ ఆపేశారో చెబితే చాలు.

వాదన బాగా సాగితే తర్వాత ఏం చదవాలో అదే చూపిస్తుంది. అందుకు అన్నిటికన్నా మంచి మార్గం ఒకదానికొకటి జవాబు చెప్పుకునే నవలలను జంటగా తీసుకోవడం. 1959 నాటి రాబర్ట్ హైన్‌లైన్ ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ సైనిక జీవితాన్ని పౌరసత్వానికి పునాదిగా చూపిస్తుంది. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన జో హాల్డెమన్ 1974లో రాసిన ‘ద ఫరెవర్ వార్’లో సైనికుడు తిరిగి వచ్చేసరికి భూమి మీద శతాబ్దాలు గడిచిపోయి, తాను కాపాడిన సమాజమే అతడికి పరాయిదై ఉంటుంది. నిరంకుశ రాజ్యాన్ని చూపే యెవ్‌గెనీ జమ్యాతిన్ రష్యన్ నవల ‘వి’ (‘మనం’) 1924లో ఇంగ్లీషులో వెలువడింది. జార్జ్ ఆర్వెల్ 1946లో దానిపై సమీక్ష రాసి, 1949లో ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ ప్రచురించారు. ఇలాంటి జంటల్లో ముందు వచ్చినదాన్ని ముందు చదవాలి. రెండింటికీ మధ్య ఎక్కువ రోజులు పోనివ్వకుండా, మొదటి నవల మీద చర్చలో తేలని ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి ఉంచుకుని, రెండోదాని మీద చర్చను ఆ కాగితంతోనే మొదలుపెట్టాలి.