పాత పుస్తకాల ఆన్‌లైన్ ఖజానాలో వెతుకులాట: సమస్యలు - పరిష్కారాలు

సమస్య: పుస్తకం పేరు తెలుగులో కొడితే ఒక్క ఫలితమూ రాదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలల్లో ఉన్నాయి. చాలావాటి పేర్లు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే, ఎవరికి తోచిన స్పెల్లింగులో వాళ్లు ఎక్కించినవి. దీర్ఘానికి ఒకరు రెండు 'ఏ'లు పెడితే ఇంకొకరు ఒక్కటే పెట్టారు. అందుకని పూర్తి పేరు కొట్టకండి. ఎలా రాసినా పెద్దగా మారని చిన్న ముక్కో, రచయిత ఇంటిపేరో కొట్టి చూడండి. సంవత్సరం ఫిల్టర్ జోలికి పోకండి. అక్కడ తప్పులుంటాయి, ముఖపత్రం మీద ఉన్నదే నమ్మాలి.

సమస్య: మా ఊరి ప్రస్తావన ఆ జిల్లా పుస్తకంలో ఎక్కడా లేదు.

అప్పటికి ఆ జిల్లాయే పుట్టలేదేమో చూసుకోండి. ఇది తెలియక నేను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. ఒంగోలు వైపు ఊళ్ల గురించి 19వ శతాబ్దంలో ఏమైనా రాశారా అని ప్రకాశం, గుంటూరు పేర్లతో తెగ వెతికాను. ఇప్పటి గుంటూరు జిల్లా వచ్చిందే 1904లో. ఒంగోలు అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఉండేది. కాబట్టి చూడాల్సింది బాస్వెల్ 1873లో తెచ్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్, అంటే ఆ జిల్లా వివరాల పుస్తకం. కరీంనగర్ వాళ్లయితే జిల్లా పాత పేరు ఎలగందల్ అని కూడా వెతకాలి. పాత ఇంగ్లిషు పుస్తకాల్లో కాకినాడ 'కోకనాడ'గా, ఏలూరు 'ఎల్లోర్'గా ఉంటాయి. మధ్యలో ఎల్లోరా గుహలు వచ్చిపడినా కంగారు పడకండి.

సమస్య: కాగితం మీద తేదీ ఉంది కానీ అర్థం కాదు.

రెవెన్యూ కాగితమైతే అది ఫసలీ, అంటే పన్ను లెక్కలకు వాడిన సంవత్సరం కావచ్చు. మామూలు సంవత్సరం రావాలంటే దానికి 590 కలపండి: ఫసలీ 1310 అంటే 1900-01. మద్రాసు వైపు ఫసలీ జులైలో మొదలయ్యేది, నిజాం రాజ్యంలో అక్టోబరులో. అందుకే ఫసలీ ఏడాదిలో జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. పత్రికల మీద 'ఆనంద' లాంటి తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అది 1914-15 కావచ్చు, 1974-75 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది మరి. కాగితం, అచ్చు తీరు చూసి తేల్చుకోవాలి.

సమస్య: పుస్తకం దొరికింది, లోపల మాట వెతికితే దొరకదు.

పాత అచ్చులో 'ధర్మము'ను 'ధమ౯ము' అని వేసేవారు. అక్షరం పక్కన తెలుగు తొమ్మిది అంకెలా కనిపించే ఆ గుర్తే వలపలగిలక. బొమ్మలోంచి అక్షరాలు తీసే సాఫ్ట్‌వేర్ దాన్ని నిజంగానే తొమ్మిది అనుకోవచ్చు. ఇక్కడ అడ్డదారి లేదు. విషయసూచిక చూసి పేజీలు తిప్పాల్సిందే. మధ్యలో పేజీలు ఎగిరిపోయి ఉంటే అదే పుస్తకానికి ఇంకో ప్రతి స్కాన్ ఉందేమో, మరో స్పెల్లింగుతో మళ్లీ వెతకండి.